మా పెయింటు గది ఫ్రేము: ఇనుమా, వెదురా, గాలి ఎటు?

మేము నలుగురం. పాడేరు వైపు ఒక ఊరు, రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మాలో ఒకడు ఐటిఐలో వెల్డర్ ట్రేడు చేసాడు, ఒకడు డీజిల్ మెకానిక్, చెల్లి డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, నాలుగోవాడు మా బావ. బావ ఏ ట్రేడూ చదవలేదు గానీ సిటీలో బళ్ళకి రంగులు కొట్టే షాపులో మూడేళ్ళు పని చేసి వచ్చాడు. గేట్లు, గ్రిల్సు, బీరువాలు, బైకు ట్యాంకులు, ఏది వస్తే అది చేస్తాం. మన పోరగాళ్ళు చాలామంది ఊర్లో సొంతంగా ఏదన్నా పెట్టుకుందాం అనుకుంటున్నారు కాబట్టి, మేము ఈ రెండు నెలలు ఒక గది ఫ్రేము గురించి ఎంత కొట్టుకున్నామో రాద్దాం అనిపించింది. ఇంకా కట్టలేదు. కాగితం మీదే ఉంది. కానీ కాగితం మీద చేసిన తప్పులకి డబ్బులు పోవు, అందుకే ఇప్పుడే రాస్తున్నాం.

అసలు గది ఎందుకు కావాల్సి వచ్చిందో ముందు చెప్పాలి.

శ్రావణంలో ఒక పెళ్ళికి బీరువా ఒప్పుకున్నాం. ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు ఇచ్చే బీరువా. రేకు కోసి, మడిచి, వెల్డింగు చేసి, పుటీ పెట్టి, పేపరు రుద్ది, అంతా బాగానే చేసాం. రంగు దగ్గరే వచ్చింది. షెడ్డులో దుమ్ము, బయట వాన. అందుకని నాలుగు వెదురు బొంగులు పాతి చుట్టూ ప్లాస్టిక్ షీటు కట్టాం, వెనకాల ఒక ఎగ్జాస్టు ఫ్యాను పెట్టాం. చూడ్డానికి బాగుంది. ఫ్యాను వేసేసరికి షీటు లోపలికి ఉబ్బడం మొదలెట్టింది. ఒకడు బయట పట్టుకున్నాడు, ఇంకోడు లోపల రంగు కొడుతున్నాడు. రెండో కోటు అయ్యాక పట్టుకున్నవాడు ఫోను వస్తే ఒక్క నిమిషం వదిలాడు. అంతే, ప్లాస్టిక్ వచ్చి తడి తలుపుకి అతుక్కుపోయింది. పీకితే రంగు దానితో వచ్చేసింది. మళ్ళీ రుద్ది మళ్ళీ కొట్టాం. ఈసారి వాన చెమ్మకి రంగు మీద తెల్లగా పొగమంచులా పట్టింది. పెళ్ళి రోజుకి ఇవ్వలేకపోయాం. పిల్ల తండ్రి ఏమీ తిట్టలేదు. మైదానం నుంచి వచ్చినవాళ్ళ కొట్టుకి వెళ్ళి రెడీమేడ్ బీరువా కొనుక్కున్నాడు. తిడితే బాగుండేది.

ఈ మాట ఇక్కడ అందరికీ తెలిసిందే. 1/70 చట్టం వల్ల షెడ్యూల్డు ప్రాంతంలో మన భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదు. భూమి వరకు అది. కానీ మండల కేంద్రంలో బజారంతా నడిచి చూడండి, ఎన్ని కొట్లలో గల్లాపెట్టె దగ్గర మనవాళ్ళు కూర్చున్నారో లెక్కపెట్టండి. మనం ఆ కొట్ల ముందు హమాలీలం, లేకపోతే కొనేవాళ్ళం. మేము ఒక కొట్టు పెట్టాం, మొదటి పెద్ద పనిలోనే మనవాడు మళ్ళీ ఆ కొట్టుకే పోవాల్సి వచ్చింది. ఆ మంట మాకు ఉంది.

రెండో కారణం బావ. సిటీ షాపులో హార్డెనర్ కలిపే పీయూ రంగులు కొట్టేవాడు. రెండు డబ్బాలు కలిపి కొడితే అద్దంలా మెరుస్తుందే, అది. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. మూతికి చేతిరుమాలు కట్టుకుని కొట్టేవాడు, అందరూ అలాగే కొట్టేవారు. రెండేళ్ళకి రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు చెప్పిందేంటంటే, ఒకసారి ఊపిరితిత్తులకి అది పడకుండా అయ్యాక తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది, ఇక ఆ పని మానెయ్యాలి అని. బావ ఇప్పుడు మా దగ్గర పుటీ, పేపరు, డిజైను చూస్తాడు, గన్ను పట్టడు. పీయూ రంగు మా షెడ్డులోకి రాదు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు కొనే రోజు వస్తే అప్పుడు ఆలోచిస్తాం. ఎనామిల్, ఎన్‌సీ రంగులే కొడతాం. వాటిలో కూడా థిన్నరు ఉంది, అదీ మంచిది కాదు. అందుకే గాలి బయటికి పోయే గది కావాలి, క్యాట్రిడ్జి మాస్కు కూడా కావాలి. చేతిరుమాలు థిన్నరు ఆవిరిని ఆపదు తమ్ముళ్ళూ. తడిపి కట్టుకున్నా ఆపదు.

డబ్బు ఎక్కడిది అంటారా? మా అమ్మలు పొదుపు సంఘం నుంచి తీసిచ్చిన 60 వేలు. కంప్రెసరు, గన్ను ముందే ఉన్నాయి. ఈ 60 వేలల్లోనే గది, ఫ్యాను, ఫిల్టర్లు, లైట్లు. తప్పు చేస్తే అమ్మలు కిస్తీ కడతారు, మేము తల దించుకు తిరుగుతాం.

ఇక ఫ్రేము.

మొదట మేము అందరూ చేసేదే చేసాం. ఎంత పెద్దది కావాలి అని కూర్చున్నాం. డీజిల్ మెకానిక్‌గాడు "ఆటో మొత్తం పట్టాలి" అన్నాడు. వెల్డర్ "రేపు జీపు వస్తే?" అన్నాడు. అలా పెంచుకుంటూ పోతే 8 అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల ఎత్తు, 10 అడుగుల పొడవు తేలింది. అప్పుడు బావ ఒక మాటన్నాడు. "గది కొలత మీరు చెప్పేది కాదురా, ఫ్యాను చెప్తాది."

లెక్క ఇదీ. గన్నుతో చేత్తో కొట్టే గదిలో గాలి ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నిమిషానికి సుమారు 100 అడుగులు కదలాలి అని పాత లెక్క. అంతకంటే బాగా తగ్గితే రంగు పొగ అక్కడే తిరుగుతుంది. గది ముఖం ఎన్ని చదరపు అడుగులో దాన్ని 100తో గుణిస్తే ఫ్యాను నిమిషానికి ఎన్ని ఘనపు అడుగులు లాగాలో వస్తుంది. సీఎఫ్ఎమ్ అని ఫ్యాను మీద రాసేది అదే. ఎనిమిదిని ఏడున్నరతో గుణిస్తే 60 చదరపు అడుగులు, అంటే 6000 సీఎఫ్ఎమ్. పైగా ఫ్యాను మీద రాసిన అంకె ఖాళీ గాల్లోది. ముందు ఫిల్టరు పెడితే తగ్గిపోతుంది. అంత ఫ్యానూ కంప్రెసరూ కలిపి వేస్తే మా సింగిల్ ఫేజు కరెంటుకి ఊర్లో బల్బులు మిణుకుమంటాయి. అమ్మమ్మ టీవీ ఆగిపోతే మాకు ఇంట్లో అన్నం ఉండదు.

సరే, నిజంగా మాకు వచ్చే పని ఏంటి? నోటుబుక్కు తీసి ఏడాది ఆర్డర్లు చూసాం. బీరువాలు, గేట్లు, కిటికీ గ్రిల్సు, బైకు ట్యాంకులు, మడ్‌గార్డులు. ఆటో పని రెండుసార్లు వచ్చింది, రెండూ ఒక్కో డోరు పక్క రేకు మాత్రమే. జీపు రాలేదు. ఇంకో నాలుగేళ్ళకి రాబోయే జీపు కోసం ఈరోజు ఫ్యాను ఎందుకు తిప్పాలి? ఆటో కలని అక్కడితో వదిలేసాం. మెకానిక్‌గాడు రెండు రోజులు అలిగాడు.

అప్పుడు చెల్లి కాగితం తీసుకుంది. తను అడిగిన మొదటి ప్రశ్నకి మేము ముగ్గురం నోరు తెరిచాం. "అన్నా, పైపు పొడుగెంత?" ఇరవై అడుగులు అన్నాం. కొట్లో అందరూ అలాగే అంటారు కదా. "టేపు పెట్టి చూసారా?" చూడలేదు. పైపు వచ్చేది 6 మీటర్లు. 6 మీటర్లంటే 19 అడుగుల 8 అంగుళాలు. మేము పది అడుగుల ముక్కలు రెండు వస్తాయని రాసుకున్నాం. రావు. నాలుగంగుళాలు తక్కువ. ప్రతి పొడుగు ముక్కకీ ఒక కొత్త పైపు కోయాల్సి వచ్చేది, మిగిలినదంతా స్క్రాపు. ఇనుము కొనేటప్పుడు కిలోల్లెక్కన కొంటాం, స్క్రాపుకి అమ్మితే ఎంతిస్తారో మీకు తెలుసు.

చెల్లి తిరగేసి లెక్క కట్టింది. గది ఎంతో అనుకుని పైపు కోయడం కాదు, పైపు ఎలా కోస్తే వృథా లేదో చూసి గది కట్టాలి. ఒక పైపుని మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 6 అడుగుల 6 అంగుళాలు. రెండు ముక్కలు చేస్తే ఒక్కోటి 9 అడుగుల 9 అంగుళాలు. రెండు రకాలుగానూ 19 అడుగుల 6 అంగుళాలే అవుతుంది. మిగిలిన రెండంగుళాల్లో కటింగు వీలు తినేది ఒక్కో కోతకి ఒక నూలు, చివర్లు వంకరుంటే సరిచేసేది ఇంకొంచెం. అంటే గది మొత్తంలో రెండే రెండు కొలతలు. ఆరున్నర, తొమ్మిదీ ముప్పావు. స్తంభాలు ఆరున్నర, అడ్డాలు ఆరున్నర, పొడుగు దూలాలు తొమ్మిదీ ముప్పావు. జిగ్గు ఒకటి పెట్టుకుంటే కళ్ళు మూసుకుని కోయొచ్చు. (కళ్ళు మూసుకోకండి. అద్దాలు పెట్టుకోండి.)

ఇలా చేస్తే గది ముఖం ఆరున్నర బై ఆరున్నర. 42 చదరపు అడుగుల పైన కొంచెం. గాలి 4200 సీఎఫ్ఎమ్ చాలు. మొదటి దానికంటే దాదాపు 30 శాతం తక్కువ. ఫ్యాను సైజు తగ్గింది, ఫిల్టరు గుడ్డ తగ్గింది, కరెంటు తగ్గింది. పైపు కొలత చూసి కట్టిన గది ఫ్యానుకి కూడా సరిపోయింది. అది మా తెలివి కాదు, కలిసొచ్చింది.

ఎత్తు ఆరున్నరైతే బీరువా నిలబడదు కదా అని అడుగుతారు. నిలబడదు. బీరువా ఎత్తు కూడా 78 అంగుళాలే, అంటే సరిగ్గా ఆరున్నర. పడుకోబెట్టి కొడతాం. నడుమెత్తు స్టాండ్ల మీద పొడుగ్గా పెడితే మూడడుగుల వెడల్పు పోగా రెండు పక్కలా ఒకటీ ముప్పావు అడుగు ఉంటుంది, మనిషి పక్కగా తిరగొచ్చు. పడుకోబెడితే రంగు కారదు. దుమ్ము మాత్రం ఎక్కువ పడుతుంది. బావ దీనికి ఒప్పుకోవడానికి వారం పట్టింది. నిలబెట్టి కొట్టడం అలవాటైన చెయ్యి కదా.

ఇప్పుడు షీట్ల లెక్క. గోడకి సాదా జీఐ షీటు, 8 అడుగులు బై 4 అడుగులు. నిలువుగా పెడితే వెడల్పు 4 అడుగులు. కాబట్టి స్తంభాలు 0 దగ్గర, 4 దగ్గర, 8 దగ్గర, చివర 9 అడుగుల 9 అంగుళాల దగ్గర. చివరి అర ఒకటీ ముప్పావు అడుగే. ఇది పొరపాటు కాదు. మూడో స్తంభాల వరస దగ్గర ఫిల్టర్ల గోడ వస్తుంది, దాని వెనక ఆ ఒకటీ ముప్పావు అడుగు ఖాళీ గూడు. ఫ్యాను ఆ గూడులోంచి లాగుతుంది. గూడు లేకుండా ఫ్యానుని నేరుగా ఫిల్టరుకి ఆనిస్తే ఎదురుగా ఉన్న ముక్కలోంచే గాలి పోతుంది, మూలలు చచ్చిపోయి ఉంటాయి. గూడు ఉంటే ఫిల్టరు మొత్తం నుంచి సమంగా లాగుతుంది. పైగా ఒక షీటుని నిలువుగా చీలిస్తే ఒకటీ ముప్పావు అడుగు పట్టీలు రెండు వస్తాయి, రెండు గోడలకీ సరి.

ఇక్కడ ఒక తప్పు చేసాం, మీరు చేయొద్దు. మేము మొదట స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీ 4 అడుగులు అని గీసాం. అలా చేస్తే రెండో షీటు అంచు గాల్లో వేలాడుతుంది. స్తంభం మధ్య గీత నుంచి మధ్య గీతకి 4 అడుగులు ఉండాలి. అప్పుడు రెండు షీట్ల అతుకు స్తంభం మధ్యలో పడుతుంది, చెరో ముప్పావు అంగుళం దొరుకుతుంది స్క్రూకి. మొదటి స్తంభానికి మాత్రం బయటి అంచు నుంచి కొలవాలి. అలాగే నాలుగడుగుల ట్యూబులైటు ఫిట్టింగుని రెండు స్తంభాల మధ్య అడ్డంగా పెట్టేద్దామనుకున్నాం. మధ్య ఖాళీ నలభై ఆరున్నర అంగుళాలే, ఫిట్టింగు పట్టదు. నిలువుగా పెడుతున్నాం, గోడకి అద్దం బిగించి, అద్దం బయట లైటు. లోపల లైటు పెట్టకూడదు. లోపల స్విచ్చు, ప్లగ్గు, వైరు అతుకు ఏదీ ఉండకూడదు. థిన్నరు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుని ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

షీటు ఫ్రేముకి లోపలి వైపు కొడుతున్నాం. స్తంభాలన్నీ బయటికి కనిపిస్తాయి, అందం ఉండదు. కానీ లోపల ఒక్క గట్టు, ఒక్క అంచు ఉండకూడదు. ఎక్కడ అంచు ఉంటే అక్కడ దుమ్ము కూర్చుంటుంది, గన్ను గాలికి లేచి తడి రంగు మీద పడుతుంది.

ఇనుమా, కర్రా అనే గొడవ విడిగా ఒక రోజంతా జరిగింది. మన దగ్గర కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ ఉంది, వెదురు ఉంది. డబ్బు మిగులుతుంది అని ఇద్దరం కర్ర వైపు. కర్ర వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుస్తుంది, సిల్వర్ ఓక్‌కి చెద త్వరగా పడుతుంది, షీటు అతుకుల్లో సందులొస్తాయి. మా గదిలో ఫ్యాను గాలిని బయటికి లాగుతుంది కాబట్టి ప్రతి సందులోంచీ షెడ్డు దుమ్ము లోపలికి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, థిన్నరు పక్కన కర్ర. ఇనుమే అనుకున్నాం. ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజి. ఒక పైపు సుమారు 11 కిలోలు. ఆరున్నర ముక్కలు 14 కావాలి: స్తంభాలు 8, పై అడ్డాలు 4, కింద అడ్డాలు 2. కింద అడ్డాలు వెనక రెండు వరసల్లోనే, ముందు పెడితే ట్రాలీ తగులుతుంది. పద్నాలుగు ముక్కలకి 5 పైపులు, ఒక ముక్క మిగులు. పొడుగు దూలాలు 4, దానికి 2 పైపులు. మొత్తం 7 పైపులు. తలుపులకి సన్న పైపు వేరు.

జీఐ పైపు తీసుకుంటే తుప్పు పట్టదు కదా అన్నాడు మెకానిక్‌గాడు. మా వెల్డర్ ఒప్పుకోలేదు. జింకు పూత మీద వెల్డింగు చేస్తే వచ్చే తెల్ల పొగకి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. ఐటిఐలో ఒకసారి తనకే వచ్చిందట. నల్ల పైపు తీసుకుని రెడాక్సైడు కొట్టుకుందాం, రంగు కొట్టే కొట్టులో రంగుకి కరువా అన్నాడు.

ఇంత సన్న పైపు సరిపోతుందా? గదికి పైనుంచి పెద్ద బరువేం లేదు, నాలుగు షీట్లు అంతే. బరువు పక్కనుంచి వస్తుంది. ఫిల్టర్లు మూసుకుపోయాక ఫ్యాను లాగుతుంటే లోపల ఒత్తిడి తగ్గుతుంది. పావు అంగుళం నీటి మట్టం అంత తేడా వస్తే చదరపు అడుగుకి దాదాపు 590 గ్రాములు. వినడానికి ఏమీ లేదు. కానీ మా పక్క గోడ 63 చదరపు అడుగులు. అంటే 37 కిలోలు, ఒకటిన్నర బియ్యం బస్తా గోడని బయటి నుంచి లోపలికి తోస్తున్నట్టు. శ్రావణంలో మా ప్లాస్టిక్ షీటుని తోసింది అదే. ఆరోజు మేము గాలిని తిట్టుకున్నాం, లెక్క తెలియక. నాలుగడుగులకి ఒక స్తంభం, దానికి స్క్రూలతో బిగించిన రేకు ఉంటే ఈ తోపుకి కదలదు. గూడు వెనక గోడకి మాత్రం మధ్యలో ఒక అడ్డం అదనంగా ఇస్తున్నాం, ఫ్యాను బరువూ అదురూ అక్కడే కాబట్టి. మిగిలిన ఆ ఒక్క ముక్క దానికి సరిపోయింది.

తర్వాత మొత్తం వెల్డింగా, బోల్టులా? మా షెడ్డు రోడ్డు పక్కన. 516-ఇ జాతీయ రహదారి పనులు వచ్చినప్పటి నుంచి రోడ్డు పక్క ఉన్న ఎవరికీ రేపు గీత ఎక్కడ పడుతుందో తెలియదు. గది మొత్తం వెల్డింగు చేసేస్తే వెనక్కి జరపాల్సి వచ్చిన రోజు గ్యాసుతో కోసుకోవాలి. అదీగాక రెండేళ్ళు రంగు కొట్టిన గది పక్కన మళ్ళీ వెల్డింగు నిప్పులా? రంగు పొడి, థిన్నరు మరకలు గోడకి ఉంటాయి. కాబట్టి రెండు పక్క ఫ్రేములు మాత్రం నేల మీద పడుకోబెట్టి వెల్డింగు చేస్తాం. ఒక్కోటి 25 కిలోలు, ఇద్దరు మోస్తారు. వాటిని కలిపే ఆరు అడ్డాలూ బోల్టులు. సన్న పైపుకి అడ్డంగా తూటు పొడిచి బోల్టు బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది, బిగుసుకోదు. చివర్లకి మందం ప్లేటు ముక్కలు వెల్డింగు చేసి, ప్లేటుకీ ప్లేటుకీ బోల్టు. ఇది వెల్డర్ ఆలోచన, మంచి ఆలోచన. గది మొత్తానికి ఎర్తింగు కూడా ఒక బోల్టుకే కలుపుతాం.

ఇంత అయ్యాక, అంతా సిద్ధం అనుకుని తాతని పిలిచి సుద్దముక్కతో గీసిన నేల చూపించాం. తాత ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళకి నిట్రాటలు నిలబెట్టాడో లెక్కలేదు. మూలమట్టం చూడ్డానికి మేము టేపుతో మూల నుంచి మూలకి కొలిచాం, రెండు వైపులా 11 అడుగుల 10 అంగుళాల పైన ఒకేలా వచ్చింది. తాత నవ్వి, నడుముకున్న తాడు తీసి, అదే మూల నుంచి మూలకి లాగి ముడేసి, రెండో వైపు పెట్టి చూసాడు. "సరిగానే ఉందిరా" అన్నాడు. మేము పొంగిపోయాం. అప్పుడు అడిగాడు.

"గాలి ఎటునుంచి వత్తాదో సూసార్రా?"

చూడలేదు.

"ఈ కంపు అంతా ఎటు పోద్ది?"

వెనక్కి, అన్నాం. వెనక ఏముంది? పిన్నివాళ్ళ కళ్ళం. నవంబరు నుంచి జనవరి దాకా వాళ్ళు కాఫీ అక్కడే ఆరబోస్తారు. కాఫీ గింజ పక్కన ఏ వాసన ఉంటే అది పట్టేస్తుంది. కొనేవాళ్ళు ముక్కు పెట్టి చూస్తారు. థిన్నరు వాసన కొట్టిన గింజ ఎవరు కొంటారు? పిన్నివాళ్ళకి ఏడాదికి చేతిలో పడే డబ్బు ఆ కాఫీదే. మా పెళ్ళి బీరువా పోయినట్టు వాళ్ళ ఏడాది పోయేది, మా వల్ల. మేము రెండు నెలల నుంచి లోపలికి వచ్చే గాలి గురించే లెక్కలు కట్టాం, బయటికి పోయే గాలి ఎవరి మీద పడుతుందో ఒక్కరం అడగలేదు.

ప్లాను మొత్తం తిప్పేసాం. తలుపులు కళ్ళం వైపు, ఫ్యాను గూడు రోడ్డు మూల వైపు. అక్కడి నుంచి గొట్టం రేకుల కప్పు దాటి పైకి. దానివల్ల ఫ్యాను మోటారు గొట్టం బయట ఉండే బెల్టు రకం తీసుకోవాల్సి వస్తోంది. అది ముందే తీసుకోవాల్సింది నిజానికి. మామూలు ఎగ్జాస్టు ఫ్యానుకి మోటారు గాలి దారిలోనే ఉంటుంది, థిన్నరు ఆవిరంతా దాని మీదుగా పోతుంది. శ్రావణంలో మేము వాడింది అదే. ఏమీ కాలేదు, అదృష్టం.

ఇంకో మార్పు కూడా చేసాం. లోపలికి గాలి బయట నుంచి కాకుండా షెడ్డు లోపలి నుంచే తీసుకుంటున్నాం. మన దగ్గర ఈ నెలల్లో పొద్దున పది దాకా మంచు ఉంటుంది. థిన్నరు ఆరేటప్పుడు రేకు చల్లబడుతుంది, గాల్లో చెమ్మ దాని మీద పడుతుంది, అదే ఆ తెల్ల పొర. ఎండ వచ్చి షెడ్డు కొంచెం వేడెక్కాకే గన్ను పట్టాలి అని రాసి గోడకి అంటించాం. ఆలస్యంగా మొదలెడితే రోజుకి ఒక పని తక్కువ అవుతుంది. అవనీ.

ప్రస్తుతానికి పైపులు వచ్చాయి, షెడ్డులో పడున్నాయి. టేపు పెట్టి చూసాం, ఏడూ 19 అడుగుల 8 అంగుళాలే. సుద్ద గీతలు అమ్మమ్మ ఊడ్చేసింది, మళ్ళీ గీసాం. బెల్టు రకం ఫ్యాను విశాఖలో పాతది ఎక్కడైనా దొరుకుతుందేమో మనవాళ్ళెవరికైనా తెలిస్తే చెప్పండి. 4200 సీఎఫ్ఎమ్ ఫిల్టరుతో కలిపి లాగాలి, ఖాళీగా కాదు.

ఆ శ్రావణం పెళ్ళివాళ్ళాయన నిన్న షెడ్డు దగ్గర ఆగాడు. పైపుల వంక చూసి ఏం కడతన్నారని అడిగాడు. చెప్పాం. కాసేపు నిలబడి, రెండో అమ్మాయికి మాఘంలో అనుకుంటున్నాం అన్నాడు. బీరువా సంగతి తనూ అనలేదు, మేమూ అనలేదు. రేపు పొద్దున మంచు విడిచాక మొదటి పైపు కోస్తాం.